నూరన్న శుక్రవారం వంతు

శుక్రవారం అంటే నాకు పన్నెండేళ్ళుగా ఒళ్ళు మంట. అందరి ఇళ్ళలోనూ ఆ రోజు గడపకు పసుపు రాసి దీపం పెట్టుకుంటారు. నేనూ పెడతాను, కాదనను. కానీ చేతులు దీపం వెలిగిస్తుంటే చెవులు మాత్రం రోడ్డు వైపే ఉంటాయి, ఆ పాత టీవీఎస్ బండి చప్పుడు వినిపిస్తుందేమోనని. సరిగ్గా ఎనిమిదింటికి వినిపిస్తుంది. దాని మీది నుంచి నూర్ అహ్మద్ దిగుతాడు. మా నీళ్ళు మాకు ఇవ్వడానికి మదనపల్లె నుంచి పనిగట్టుకుని వస్తాడు మహానుభావుడు.

'మా నీళ్ళు' అంటే మా అత్త రత్నమ్మ ఊరుకోదు. "నీయి కాదే ప్రసన్నా, నూరప్పయి. శుక్రవారం ఆయప్పది" అంటుంది. నా మీద కంటే ఆయన మీదే ఆమెకు ప్రేమ ఎక్కువని నాకు ఎప్పటి నుంచో అనుమానం.

మాది నిమ్మనపల్లె దగ్గర చిన్న పల్లె. ఊరికి తూర్పున ఉన్నది ఉమ్మడి బావి. బావి ఒకటే, మోటారు ఒకటే, వారానికి ఏడు వంతులు. సోమవారం, మంగళవారం మా మునికృష్ణ బావవి. ఆయన మా ఆయనకు పెదనాన్న కొడుకు. బుధవారం మునిస్వామి మామది. ఆయన కుప్పం బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకుని, పొలాన్ని మునికృష్ణ బావకే కౌలుకిచ్చాడు. కాబట్టి ఆ రోజూ బావదే అనుకోండి. గురువారం, శనివారం మావి. ఆదివారం అక్కమ్మది. పాపం, మొగుడు పోయిన మనిషి, ఎకరా చేనుతో నెట్టుకొస్తోంది. మా రెండు వంతుల నడుమ, పళ్ళ సందులో ఇరుక్కున్న మామిడి పీచులాగా, నూర్ అహ్మద్ శుక్రవారం.

సరే, వంతు ఉంది, వాడుకుంటాడు, మనకెందుకు అనుకోవచ్చు. వాడుకోవడానికి ఆయనకు చేను ఉంటే కదా! బావి పక్కన వాళ్ళకు అరెకరా ఉండేది. బైపాసు రోడ్డు వేసినప్పుడు మొత్తం దాని కింద పోయింది. నేల పోయింది గానీ, కాగితాల్లో బావిలో ఏడో వంతు అలాగే ఉండిపోయింది. చేను లేని నీళ్ళు! వినడానికే చిత్రంగా లేదూ? అడిగితే నవ్వుతాడు. "నా చేన్లో ఇప్పుడు లారీలు పండుతాండాయమ్మా. కాపు బాగుండాది" అంటాడు.

అలా నవ్వేసి, ఆ నీళ్ళు ఎవరికో ఒకరికి శాశ్వతంగా రాసిచ్చేస్తే గొడవే లేదు. ఇవ్వడు. ప్రతి శుక్రవారం వచ్చి, చెప్పులు గట్టు మీద విడిచి, అందరి చేలూ తిరుగుతాడు. చెట్టు మొదట్లో వేలు పెట్టి మట్టి తీసి పిడికిట్లో పిసికి చూస్తాడు. అది ముద్దగా నిలుస్తుందా, పొడిగా రాలిపోతుందా అని. అన్నీ చూశాక బావి దగ్గరికి వచ్చి, "ఈ వారం ఫలానా వాళ్ళకు" అని ప్రకటిస్తాడు. స్విచ్చు తనే వేస్తాడు. ఎవరు కోరుకుంటే వాళ్ళకు కాదు, ఎవరి మట్టి పొడిగా ఉంటే వాళ్ళకు. పోనీ, కరెంటు ఉన్నంతసేపూ వేస్తాడా అంటే అదీ లేదు. పన్నెండు కొట్టగానే మోటారు ఆపేసి, జుమ్మా నమాజుకు వెళ్ళిపోతాడు. పోతూ పోతూ, "శనివారం పొద్దు పొడిసేదాకా ఎవురూ ముట్టుకోవద్దండమ్మా. బావి కూడా ఊపిరి తీసుకోవల్ల" అని ఒక హితబోధ. మిట్టమధ్యాహ్నం, కరెంటు ఉండీ, బావిలో నీళ్ళు ఉండీ, నా చెట్లు తలలు వేలాడేసి నన్నే చూస్తుంటే ఎంత మండాలి!

దీనికంతా మూలం ఏమిటంటే, నూర్ అహ్మద్ తాత తోలు పని చేసేవాడట. ఎద్దులతో కపిలె తోలి నీళ్ళు చేదే కాలంలో, ఆ తోలు బాన కుట్టి ఇచ్చింది ఆయనే. వారానికి ఒకరోజు దాన్ని విప్పి, ఎండబెట్టి, ఆముదం పట్టించకపోతే తోలు కుళ్ళిపోతుందట. అందుకని శుక్రవారం పొద్దున ఆయన అరెకరాకు నీళ్ళు తోలుకుని, ఆ తర్వాత బాన విప్పేవాడు. కూలికి బదులు ఆ రోజు నీళ్ళు ఆయనవి. ఆ తాత కొడుకు ఆయిలు ఇంజన్ల మెకానిక్కు అయ్యాడు. మనవడు నూర్ అహ్మద్‌కు మదనపల్లెలో మోటార్లకు వైండింగు కట్టే అంగడి ఉంది. "బావిలోంచి నీళ్ళు పైకి తెచ్చే పని మూడు తరాలుగా వాళ్ళింటిదే" అని మా అత్త చెప్పింది. చెప్పిందంటే ఒకసారి కాదు, నేను శుక్రవారం సణిగినప్పుడల్లా చెబుతుంది.

ఆ ఎండాకాలం దాకా సణుగుడుతోనే సరిపెట్టుకున్నాను. ఆ ఏడు మా బోర్లు రెండూ ఎండిపోయాయి. మూడోది వేయిస్తే దుమ్ము లేచింది. ఎకరన్నర టమోటా, పూత మీద ఉంది, ఆధారం ఆ బావి ఒక్కటే. మా ఆయన కిరణ్ మామూలుగా మాటలు తక్కువ మనిషి. ఒకరోజు అన్నం తింటూ, "ఈ కాపు గానీ పోతే పొలం బావకు కౌలుకిచ్చేసి బెంగుళూరు పోదాం ప్రసన్నా. లారీ తోలుకుంటా. ఇంక నా చేత కాదు" అన్నాడు. ఆ చేలో రాళ్ళు ఏరింది నేను. గట్లు వేసింది నేను. మునికృష్ణ బావ దాన్ని దున్నుకుంటుంటే నేను బెంగుళూరులో ఇరుకు గదిలో కూర్చుని టమోటాలు కొనుక్కు తినాలా?

ఆ వారమే శుక్రవారం నూర్ అహ్మద్ వచ్చి, మట్టి పిసికి, "ఈ వారం అక్కమ్మకు" అన్నాడు.

"అన్నా, నాది పూత మీద ఉండాది. అక్కమ్మత్తది సెనక్కాయే కదా, రెండు దినాలు తాళుతాది" అన్నాను, వీలైనంత మర్యాదగా.

"నీది నిన్న తడిసిందమ్మా. ఇంగా ముద్దగానే ఉండాది. ఆయమ్మది బూడిద మాదిరి అయిపోయింది, సూడు" అని మట్టి నా ముందు రాల్చాడు.

నా ఓపిక చచ్చిపోయింది. మర్నాడే మదనపల్లె కోర్టు దగ్గర ఒక వకీలును పట్టుకున్నాను. ఆయన కాగితాలు తిరగేసి, నేలతో పాటే నీళ్ళ హక్కు అన్నాడు, నేల లేని మనిషికి వంతేమిటన్నాడు, మిగతా వాటాదారులంతా సంతకాలు పెట్టి ఒక ఒప్పందం రాసుకుంటే అతను చేసేది పెద్దగా ఉండదన్నాడు. నాకు కావాల్సింది అదే.

మునికృష్ణ బావ చదవకుండానే సంతకం పెట్టాడు. అక్కమ్మ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "నూరప్పకు మనసు కష్టమవుతాదేమో కదా?" అంది. "మనకు కాలేదా ఇన్నేండ్లు?" అని నేనే ఉక్రోషంగా అన్నాను. పెట్టింది. ఇక మునిస్వామి మామ. ఫోన్లో అడిగితే, "సంతకం కావల్లంటే రామ్మా, టీ తాగి పోదువు" అన్నాడు. పుంగనూరులో ఒక బస్సు మారి, పలమనేరులో ఇంకో బస్సు మారి, నిలబడి కుప్పం పోయాను. ఆయన టీ ఇచ్చాడు, ఊళ్ళో వాళ్ళందరి క్షేమం అడిగాడు, రామకుప్పం వైపు ఏనుగులు రాగి చేలు తొక్కిన కథ మొత్తం చెప్పాడు, చివరికి సంతకం పెట్టాడు. ఇల్లు చేరేసరికి నా నడుం నాది కాదు.

మా అత్త ఆ కాగితం చూసి, నాకు తిరిగిచ్చి, చాట తీసుకుని బియ్యం ఏరడానికి కూర్చుంది. అరిచి ఉంటే బాగుండేది.

శుక్రవారం ఎనిమిదింటికి నూర్ అహ్మద్ వచ్చాడు. గట్టు మీద చెప్పులు విడుస్తుంటే కాగితం చేతికిచ్చాను. కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"అక్కమ్మ కూడా పెట్టిందా?" అని మాత్రం అడిగాడు.

"అందురూ పెట్టినారన్నా."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బండి డిక్కీలోంచి గ్రీజు డబ్బా తీసి గట్టు మీద పెట్టాడు. "పదైదు దినాలకొక తూరి బేరింగుకు పెట్టండమ్మా. మర్సిపోవద్దండి" అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. గెలిచినదాన్ని నేను కదా, మరి ఆ బండి మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడడం ఏమిటి? విసుక్కుంటూ స్విచ్చు దగ్గరికి పోయాను.

అక్కడ మునికృష్ణ బావ నిలబడి ఉన్నాడు. "ఆగమ్మా, శుక్రవారం నీ ఒక్కదానిదా? నాలుగు వాటాలు, నాలుగు చీటీలు" అన్నాడు. కోర్టు చుట్టూ తిరిగింది నేను, కుప్పం దాకా నిలబడి పోయింది నేను, చీటీలు తీసేది బావ! తీశాం. మొదటి శుక్రవారం బావది. రెండోది అక్కమ్మది. మూడోది మునిస్వామి మామ పేరు మీద మళ్ళీ బావది. నాలుగోది నాది. నెలకు ఒక్క శుక్రవారం! నూర్ అహ్మద్ చేతిలో ఉన్నప్పుడు నాకు ఇంతకంటే ఎక్కువే వచ్చేదని ఆ క్షణంలో బుర్రకెక్కింది, కానీ ఎవరితో చెప్పుకోను?

చేతికొచ్చిన శుక్రవారం ఎవరైనా పన్నెండింటికి ఆపుతారా? కరెంటు వచ్చిన క్షణం నుంచి పోయే దాకా తోడారు. బావే కాదు, పాపం అక్కమ్మ కూడా తోడింది, మళ్ళీ ఎప్పుడొస్తుందో అని. మూడో శుక్రవారం సాయంత్రానికి బావిలో మెట్టు కింద మెట్టు, నేను పెళ్ళై వచ్చాక ఎప్పుడూ చూడని మెట్లన్నీ బయటపడ్డాయి. అవి నా కళ్ళతో చూసి కూడా, శనివారం నా వంతు కాబట్టి, నా వంతు వదులుకోవడానికి నేనేం పిచ్చిదాన్నా అని పొద్దున్నే స్విచ్చు వేశాను. వేసి, టమోటా చెట్లకు కట్టెలు కట్టడానికి చేలోకి పోయాను. కాలువలో కాసేపు బురద నీళ్ళు వచ్చాయి. తర్వాత అవీ రాలేదు. గాలి పట్టిందేమోలే అనుకుని ఇంకో సాలు కట్టాను. కమురు వాసన వచ్చాక పరిగెత్తాను. అప్పటికే మోటారు కాలిపోయింది. బావి ఎండగట్టింది బావ అని ఊరంతా అరిచి చెప్పాను గానీ, మోటారు కాలింది నా చేతిలో. అది నిజం.

అది మోటార్లు కాలే కాలం. మదనపల్లెలో ఏ వైండింగు అంగడికి పోయినా వారం ఆగమన్నారు. వారం ఆగితే నా టమోటా చితిలోకే. మోటారు వేసుకొచ్చిన ఆటోను కిరణ్ ఆపించి, "నూరన్న దగ్గరికి పోదామా?" అన్నాడు, నా మొహం చూడకుండా. నేనూ ఆయన మొహం చూడకుండానే తల ఊపాను.

అంగట్లో ఆయన కూతురు జువేరియా కూర్చుని రాగి తీగ చుడుతోంది. ఐటీఐ చదివింది, తండ్రి కంటే నున్నగా కడుతుందని పేరు. నన్ను చూసి లేచి స్టూలు వేసింది. నూర్ అహ్మద్ నమాజుకు పోయాడట. కాసేపు తీగ చుట్టి, తల ఎత్తకుండానే అడిగింది: "ఆంటీ, మా అబ్బా శుక్రవారం మీ ఊరికి రావొద్దా ఇంక?"

"యాల అడుగుతాండావమ్మా?"

"శుక్రవారం పొద్దున్నే బండి కడుక్కుంటాడు, మంచి చొక్కా ఏసుకుంటాడు, ఆ పైన యాడికీ పోడు. వాకిట్లో కూసోనుంటాడు. అమ్మీ తిడతాంది."

నేను స్టూలు మీద నుంచి లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాను.

ఆయన వచ్చాడు. ఏమీ అడగకుండా మోటారు విప్పి, నల్లబడిన తీగ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. "నీళ్ళు లేకుండా తిరిగిందమ్మా. శుక్రవారం దినమంతా ఏసినారు కదా?" అన్నాడు. అంతే. తిట్టలేదు. ఎంత తిట్టు తిన్నా ఆ మాటకంటే తేలికగా ఉండేది. వరసలో ఉన్న పనులు పక్కన పెట్టి, తండ్రీ కూతుళ్ళు మూడో రోజు పొద్దునకల్లా మోటారు కట్టి, బావిలో బిగించి పోయారు. కానీ ఆ ఎండకు మూడు రోజులు ఎక్కువే. పూత సగం రాలిపోయింది. సాళ్ళ మధ్య పచ్చగా రాలి ఉన్న పూలను చూసి, గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. మా అత్త వచ్చి పక్కన కూర్చుంది. "మిగిలిన సగం కోసం ఏం సేస్తావో సూడు" అంది.

ఏం చేస్తాను? మళ్ళీ కాగితం రాశాను. శుక్రవారం నూర్ అహ్మద్‌దే, ఆయన ఎవరికిస్తే వాళ్ళకే, పన్నెండు తర్వాత బావి ఎవరూ ముట్టుకోకూడదని. అక్కమ్మ వెంటనే పెట్టింది. మునికృష్ణ బావ మొదట ఎగిరాడు. మంగళవారం తన వంతులో మోకాలి లోతు నీళ్ళే ఉండేసరికి ఆయనే ఇంటికి వచ్చి, "ఏదీ, ఆ కాగితం ఇట్ల తే" అన్నాడు. మళ్ళీ కుప్పం. మళ్ళీ అవే బస్సులు. మునిస్వామి మామ నన్ను చూసి, "ఏమ్మా, పాసు గాని తీసుకున్నావా?" అన్నాడు. నేను ఆయన టీ తాగలేదు, ఏనుగుల కథ విననూ లేదు. సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

తీరా అంగడికి తీసుకుపోతే, నూర్ అహ్మద్ కాగితం ముట్టుకోలేదు. "వద్దులేమ్మా. నేల లేనోడికి నీళ్ళేమిటికి? వకీలప్ప సరిగ్గానే సెప్పినాడు."

నాకు తిక్క రేగింది. నలుగురు గిరాకీలు ఉన్నారని కూడా చూడలేదు. "ఏం సరిగ్గా సెప్పినాడన్నా? నేలుండేటోళ్ళం నలుగురం ఉండాం కదా, మూడు వారాలు ఆ స్విచ్చు మా సేతిలో పెడితే ఏమైంది? బావి ఎండగట్టినాం, మోటారు కాల్సినాం! నేలుండాది కాబట్టే మా సెయ్యి మా సేని మీదికే పోతాది. నీకు సేను లేదు కాబట్టే నీ సెయ్యి సమంగా ఉండాది. నీ వల్ల నాకు పన్నెండేండ్లుగా ఒళ్ళు మంట. అయినా నువ్వు రావల్ల. రాకపోతే ఊరుకోను!"

జువేరియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆయన మాత్రం నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. "సూస్తాలేమ్మా" అన్నాడు.

శుక్రవారం వచ్చింది. దీపం పెట్టాను. ఎనిమిదైంది, బండి చప్పుడు లేదు. ఎనిమిదిన్నర. మా అత్త వాకిట్లోకీ ఇంట్లోకీ నాలుగుసార్లు తిరిగింది. తొమ్మిదికి కొంచెం ముందు వినిపించింది ఆ దిక్కుమాలిన బండి. నాకు అంత సంతోషం ఎందుకైందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చక్కెర ఎక్కువ వేసి టీ ఇచ్చాను. తాగాడు. చెప్పులు విడిచి అన్ని చేలూ తిరిగాడు. నా టమోటా దగ్గర చాలాసేపు వంగి, రాలిన పూతను చూశాడు, మట్టి పిసికాడు. లేచి అక్కమ్మ చేలోకి పోయాడు. తిరిగి బావి దగ్గరికి వచ్చాడు.

"ఈ వారం అక్కమ్మకు."

"అన్నా!" అన్నాను. "నేను కుప్పానికి రెండు తూర్లు పోయొచ్చినా!"

"నీది ముద్దగా ఉండాదమ్మా, నిన్ననే తడిసింది. ఆయమ్మది పొడి."

పన్నెండేళ్ళ నాటివన్నీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వింటూ నిలబడ్డాడు. తిట్టడం అయ్యాక నేనే పోయి, మా వైపు గేటు వాల్వు బిగించి, అక్కమ్మ వైపుది తిప్పాను. ఎంతో గట్టిగా ఉంది, అరచెయ్యి ఎర్రబడింది. ఆయన స్విచ్చు వేశాడు. నీళ్ళు అక్కమ్మ చేలోకి పోయాయి.

పన్నెండింటికి మోటారు ఆపి బండెక్కాడు. స్టార్టు చేసి, మళ్ళీ ఆపి, "నాకూ అరవై దాటినాయమ్మా. నా తర్వాత జువేరియా వస్తాది. దానికీ సేను లేదులే, బయపడొద్దు" అన్నాడు.

అంటే నేను ముసలిదాన్నయ్యే దాకా నాకు శుక్రవారాల మంట తప్పదన్నమాట! ఆయన రోడ్డెక్కబోతుంటే అరిచాను: "వచ్చేటప్పుడు హెల్మెట్ పెట్టుకోని రమ్మనన్నా ఆ పిల్లను! నీ సేన్లో లారీలు జాస్తి!"